ఆరోక్యసామిని పిలవడానికి మదురై వెళ్ళాం

రాజమ్మగారు శాలువా తిరిగి ఇచ్చేశారు. కప్పిన తర్వాత కాదు. అది భుజం మీద పడబోతుండగానే రెండు చేతులతో పట్టుకుని, చక్కగా నాలుగు మడతలు పెట్టి, నిర్వాహకురాలి చేతిలో పెట్టారు. హాలు నిండా లాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చున్న కుర్రకారు ఒక్కసారిగా తలలెత్తారు. పొద్దుటినుంచి వాళ్ళు తలెత్తడం నేను చూసింది అప్పుడే.

"ఆరోక్యం రాకుండా నేనెట్ల కప్పుకొనేది కణ్ణూ?" అన్నారావిడ మైకులోనే, తెలుగులోనే. "ఆ పనిలో సగం వాడిది. సగం శాలువ కప్పుకొంటే చలి పోతుందా?"

"అవ్వా, లైవ్ పోతా ఉండాది" అంది నిర్వాహకురాలు నిత్య, నవ్వు చెదరకుండా పళ్ళ మధ్యనుంచి.

"పోనీ. లోకమంతా చూడనీ. ఆ ఇత్తడి పలక కూడా గోడకి కొట్టద్దు. ఒకతూరి మేకు దిగితే అదే నిజమైపోతుంది."

మెట్లు దిగి క్యాంటీనుకి పోయి ఒక ఫోన్ చేశారు, ఆ సంగతి తర్వాత చెబుతాను. అది అయ్యాక నేరుగా నా దగ్గరకొచ్చారు. డెబ్బయ్యారేళ్ళ మనిషి. నేత చీర, దాని కింద తెల్లటి పరుగుపందెం బూట్లు.

"తంబీ, పొద్దున కాఫీ కాడ మాట్లాడినారే, ఆంధ్రా పత్రికాయన మీరే కదా? మీకు పెళ్ళాం ఉండాదా?"

విలేకరిగా బతికినన్నాళ్ళూ ప్రశ్నలు నేనడిగేవాణ్ణి. నన్నెవరూ ఈ ప్రశ్న అడిగిన గుర్తు లేదు. ఉందని చెప్పాను.

"బాగుండాదా?"

"గుంటూరులో ఉందండీ. బాగానే ఉంది."

"చాలు. రేపు మదురై పోదాము" అన్నారు.

సంచిలో సంచి

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. నేను దినపత్రిక డెస్కు మీద ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సీసపు అక్షరాలు పోయి తెర మీది అక్షరాలు రావడం దగ్గరుండి చూశాను. అందుకని ఒక పాత మిత్రుడు ఫోన్ చేసి, "కోయంబత్తూరులో సాఫ్ట్‌వేర్ సదస్సు జరుగుతోంది. మన దక్షిణాదిలో కంప్యూటర్లకి పనులు నేర్పిన మొదటి తరం వాళ్ళు వస్తున్నారు. విగ్రహాలయ్యేలోగా చూసిరా" అన్నాడు. వెళ్ళాను.

సదస్సు ఒక ఇంజినీరింగు కాలేజీలో మూడు రోజులు. మెడలో బిళ్ళ వేశారు. సంచి ఇచ్చారు. సంచిలో ఇంకో చిన్న సంచి ఉంది. అందులో ఏముందా అని చూస్తే అంటించుకునే బొమ్మలు. అక్కడ ప్రతివాడూ లాప్‌టాప్ మూత మీద అవి అంటించుకుంటాడు, మా వైపు లారీల వెనక రాతల్లాగా.

మొదట పరిచయమైంది కాఫీ దగ్గర ఒక పెద్దాయన. తొలినాటి కంప్యూటర్లకి తమిళ అక్షరాలు తయారుచేసిన మనిషి. గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుకుంటూ ఒక్కొక్క అక్షరం కట్టారట. చాలాకాలం పట్టిందా అని అడిగాను.

"ఒక అక్షరం మాత్రం శానా కాలం కుదరలేదుంగ. అది కుదిరేలోపల మా ఇంటామె రెండుతూర్లు పుట్టింటికి పోయి వచ్చింది" అన్నారు.

ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చదవడం రాదు. ఈ ఊళ్ళో చాలామంది అంతే. వాళ్ళ తాతల తాతల నాడు వచ్చి స్థిరపడ్డవాళ్ళు. బడి తమిళంలోనో ఇంగ్లీషులోనో, వంటిల్లు తెలుగులో. నా సంచిలో ఉన్న తెలుగు దినపత్రిక తీసి ఆయనకిచ్చాను. కంసాలి నగ చూసినట్టు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "గుండ్రంగా బాగుండాయి. కానీ గళ్ళు శానా తింటాయి" అని తేల్చారు. మా పత్రిక మీద ఇంత నిష్పక్షపాతమైన అభిప్రాయం నేనెప్పుడూ వినలేదు.

కోయంబత్తూరులో మర్యాద అంటే మాట చివర ఒక 'ంగ' తగిలించడం. సరింగ, లేదుంగ, చెప్పుంగ. క్యాంటీనులోకి దూరిన కుక్కని కాపలా మనిషి "పోంగ" అని అదిలించడం నా చెవులతో విన్నాను. కుక్క కూడా మర్యాదగానే వెళ్ళింది. మా గుంటూరులో ఆ స్థానంలో వాడే మాట ఇక్కడ రాయలేను.

ఆ పూటే రాజమ్మగారికి సన్మానం. ఎనభైల మొదట్లో ఇక్కడి ఒక నూలు మిల్లులో, కూలీల షిఫ్టులు పంచే ప్రోగ్రాము రాసిన మనిషి ఆవిడ. తర్వాత ఈ ప్రాంతపు మిల్లులు చాలావాటిలో అదే నడిచింది. కాలేజీలో పాత యంత్రాలతో ఒక గది అలంకరించి, ఆవిడ పేరుతో ఇత్తడి పలక చెక్కించారు. చివరిరోజు గోడకి బిగించాలి. పలక మీద పేరు ఒకటే ఉంది. మిల్లు కాగితాల్లో ఉన్న పేరు అదొక్కటేనట.

కానీ ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు ఇద్దరు. రెండో మనిషి ఆరోక్యసామి, మదురైలో ఉంటారు. ఆ సంగతి నిర్వాహకులకి శాలువా చేతికి తిరిగొచ్చాకగానీ తెలియలేదు.

పళ్ళెం ఎవరు పట్టాలి

రాజమ్మగారు క్యాంటీనులో కూర్చుని అందరిముందూ ఆరోక్యసామికి ఫోన్ చేశారు, స్పీకరు పెట్టి. నలభై ఏళ్ళుగా మాటల్లేవు, నంబరు మాత్రం ఉంది.

"ఆరోక్యం, నేను రాజమ్మని. ఈడ మనకి శాలువ కప్పుతారంట. రా."

అవతల కాసేపు దగ్గు. తర్వాత, "నాకి మెయిల్ వచ్చింది. ఏమని వచ్చిందో తెలుసునా? సీనియర్ సిటిజన్లకి టికెట్టులో తగ్గింపని! నేను రాసిన ప్రోగ్రాము చూసేదానికి నాకే టికెట్టా?"

"సార్, అది అందరికీ తనంతట పోయేదింగ" అంది నిత్య.

"అందరికీ పోయేదాన్ని పిలుపు అనరు పాపా. పిలవాలంటే ఇంటికి రావాల. తట్టు పెట్టి, నిలబడి, పేరు పెట్టి పిలవాల. మెయిల్లో పిలిస్తే నేనూ మెయిల్లోనే వస్తాను." ఫోన్ పెట్టేశారు.

నాకు ఇది అలకలా వినిపించింది. అక్కడున్న వాళ్ళెవరికీ అలా వినిపించలేదు. "న్యాయమే కదా" అన్నారు అక్షరాల పెద్దాయన. ఆ దేశంలో పెళ్ళికైనా పేరంటానికైనా, తట్టులో, అంటే పళ్ళెంలో, తమలపాకులూ పళ్ళూ పెట్టి, మీద అచ్చేసిన ఆహ్వానపత్రిక ఉంచి, ఇంటికొచ్చి పిలవనివాళ్ళు పిలవనట్టే. పక్కింటివాళ్ళయినా సరే. మనవైపు ఇప్పుడు వాట్సాప్‌లో బొమ్మ పంపి, రెండు నీలం టిక్కులు పడితే పిలిచేశాం అనుకుంటున్నాం.

సరే, పళ్ళెం ఎవరు పట్టాలి? రాజమ్మగారు వితంతువు. ఆవిడకి ఆ పట్టింపు లేదు, కానీ తమ్ముడు గోవిందరాజుకి ఉంది. గోవిందరాజుకి డెబ్బై ఏళ్ళు. పంపుసెట్ల వ్యాపారం చేసి మానుకున్నాడు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. కాబట్టి ఆయనా పనికిరాడు. నిత్యకి ఇంకా పెళ్ళి కాలేదు. అక్షరాల పెద్దాయన భార్య మళ్ళీ పుట్టింట్లో ఉంది.

"జోడీగా ఉండేది మీరొకరే సార్" అన్నాడు గోవిందరాజు నా భుజం మీద చెయ్యి వేసి.

ఆ సాయంత్రం మా ఆవిడకి ఫోన్ చేసి విషయం చెప్పాను. అంతా విని, "ఇన్నేళ్ళ కాపురంలో నేను మీకు ఎక్కడో ఒకచోట పనికొచ్చాను. సంతోషం" అని పెట్టేసింది.

ఇక అచ్చు పత్రిక. సదస్సుకి కార్డులే లేవు, క్యూఆర్ కోడ్ గళ్ళ బొమ్మను ఫోన్‌తో చూసుకోవడమే. గోవిందరాజు తనకు తెలిసిన ప్రెస్సువాడికి ఫోన్ చేసి పురమాయించాడు. నేను పక్కనే ఉన్నాను. "ఇద్దరి పేర్లు పెద్దగా. తేదీ. హాలు. అందరూ కుటుంబంతో వచ్చి దీవించాల అని. సాపాటు ఉండాది అని వెయ్యి. ఆ... ఒక పక్క మనవాళ్ళు, ఒక పక్క క్రిస్టియన్. రెండు గుర్తులూ పెట్టు, ఎవరికీ కొరత వద్దు."

పొద్దున్నే కట్ట వచ్చింది. పసుపు అంచులు, బంగారు సిరా, మంచి మందం. అంతా తమిళం. నాకు ఒక్క ముక్క రాదు. రాజమ్మగారు కళ్ళజోడు పెట్టెలో పెట్టేసి, "గోవిందూ, చూసినావా?" అన్నారు. "చూడకుండా ఉంటానా" అన్నాడు గోవిందరాజు. ఆయన చూసింది కాగితం మందం అని తర్వాత తెలిసింది.

రంగసామిలు

కారు గోవిందరాజుదే, నడిపేదీ ఆయనే. పల్లడం దాటి ధారాపురం మీదుగా దారి. రెండు పక్కలా గాలిమరలు తిరుగుతున్నాయి, మమ్మల్ని దాటి సైకిళ్ళు పోతున్నాయి. గోవిందరాజు వేగం అలాంటిది. ఒక చోట ఆగి ఇడ్లీ తిన్నాం. అడక్కుండానే సాంబారు బకెట్టుతో వచ్చి ఇడ్లీలు మునిగేదాకా పోశాడు. మావైపు చట్నీ ముఖ్యం, సాంబారు మొహమాటం. ఇక్కడ ఇడ్లీ అనేది సాంబారుకి ఒక సాకు.

తగువు ఎందుకొచ్చిందో ఆ దారిలో విన్నాను. అక్కా తమ్ముడూ ఒకరి మాట ఒకరు కొట్టేస్తూ చెప్పారు.

ఈ ప్రాంతంలో ఇంటిపేరు వాడరు. తండ్రి పేరులో మొదటి అక్షరం, ఆపైన సొంత పేరు. అప్పట్లో మగపిల్లవాడు పుడితే రంగసామి. ఆ మిల్లులో ఆర్. రంగసామిలే డజనుకి పైగా ఉండేవారు, ఎందుకంటే వాళ్ళ నాన్నలూ రంగసామిలో రామసామిలో. కంప్యూటరు ఒక రంగసామికి వేసిన రాత్రి షిఫ్టుకి ముగ్గురు వచ్చేవారు, పగటి షిఫ్టుకి ఒక్కడూ వచ్చేవాడు కాదు.

"దానికి ఆరోక్యం ఒక ఉపాయం కనిపెట్టినాడు" అన్నారు రాజమ్మగారు. "మేస్త్రీలు మనుషుల్ని ఎట్ల గుర్తుపడతారు? పట్టప్పేరుతో. నెట్టై రంగసామి అంటే పొడుగువాడు. తూంగుమూంజి రంగసామి అంటే నిద్రమొగం. ఆ పట్టప్పేర్లనే కంప్యూటర్లో ఒక గడి చేసి పెట్టినాడు. అంతే తంబీ! మరుసటి దినం నుంచి ఎవడి షిఫ్టు వాడిది. ఊరూరా మిల్లులోళ్ళు చూసిపోను వచ్చినారు."

"కత అయిపోలేదు" అన్నాడు గోవిందరాజు.

"నోరు మూసుకోని దారి చూడు. సాయంత్రం జాబితా అచ్చేసే ముందర యంత్రం ఒక మాట అడుగుతుంది. పూర్తి జాబితానా అని. మేస్త్రీలకి ఇచ్చేదానికి 'వై' నొక్కాల, పట్టప్పేర్లతో వస్తుంది. గేటుకి అంటించేదానికి 'ఎన్' నొక్కాల, ఉత్త పేర్లే వస్తాయి. ఒక పొద్దు గేటు జాబితాకి ఎవరో 'వై' నొక్కినారు."

"ఎవరో!" అన్నాడు గోవిందరాజు.

"ఆరోక్యం నొక్కినాడు."

"వాడు నువ్వు అంటాడు."

"వాడు అంటాడు."

ఆ ఉదయం మిల్లు గేటు మీద, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, ఊరంతా చదువుకునేలా అందరి పట్టప్పేర్లూ వెలిశాయి. అప్పులోడు రంగసామి. దొంగదగ్గు రంగసామి. రెండిండ్ల రంగసామి, ఆయనకి రెండో ఇల్లున్న సంగతి మొదటి ఇంటికి ఆ రోజే తెలిసింది. సంఘం నాయకుడే తూంగుమూంజి. మధ్యాహ్నానికి మిల్లు ఆగిపోయింది. డిమాండు ఒకటే: కంప్యూటర్ని బయటికి తెచ్చి క్షమాపణ చెప్పించాలి. యాజమాన్యం కంప్యూటర్ని బయటికి తేలేదు, ఆరోక్యసామిని బయటికి పంపింది.

"ఆ జాబితాలో ఆయన నాయన పేరు కూడా ఉండాది సార్" అన్నాడు గోవిందరాజు, ఈసారి నవ్వకుండా. "ఆడనే పనిచేసేవాడు. ఓట్టవాయి అంతోణి. ఓటినోరు, ఏదీ దాచుకోలేనోడు అని. కొడుకే అచ్చేసినాడని ఆయన సచ్చేదాకా అనుకొన్నాడంట."

రాజమ్మగారు కిటికీ అద్దం దించుకున్నారు. గాలిమరలు వెనకబడ్డాయి.

దిండిగల్లులో తాళం

దిండిగల్లులో బిర్యానీ తినకుండా పోతే పాపమన్నాడు గోవిందరాజు. జీలకర్రంత సన్నటి బియ్యం, నిమ్మపులుపు, ప్లేటు రెండొందల చిల్లర. మా గుంటూరు నాలుకకి కారం తక్కువ. ఆ మాట పైకి అన్నాను, వడ్డించేవాడు మిరియాల రసం తెచ్చి పోసి వెళ్ళాడు. కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను.

పక్క వీధిలో తాళాల కొట్లు. ఒక కొట్టాయన పిడికిలంత ఇత్తడి తాళం చూపించి, ఇందులో వేరే చెవి దూరిస్తే పట్టుకుని వదలదు అన్నాడు. గోవిందరాజు ఏదీ నమ్మేరకం కాదు. చేతిలో ఏ చెవి ఉంటే అది దూర్చాడు. అది కారు తాళంచెవి. తాళం పట్టుకుంది. వదల్లేదు.

"చెప్పితిని కదా" అన్నాడు కొట్టాయన, సంతోషంగా.

"దీన్నే మా పనిలో టెస్టింగ్ అంటారు తంబీ" అన్నారు రాజమ్మగారు నాతో. "పనికిమాలినవాడు ఒకడు కావాల. మాకి వీడు దొరికినాడు."

లోపలినుంచి కొట్టాయన తండ్రి వచ్చి, నూనె వేసి, సుత్తితో లాలించి, చెవి బయటికి తీసేసరికి ఎండ తిరిగింది. డబ్బు తీసుకోలేదు. చుట్టూ చేరిన జనంలో నలుగురు అదే తాళం కొనుక్కున్నారు మరి.

మదురై

ఆరోక్యసామి ఇల్లు ఒక చర్చి వెనక సందులో. కింద సైకిలు షాపు, పైన ఇల్లు, ఆ పైన రేకుల గదిలో ఆయన కంప్యూటరు పాఠాలు చెప్పేవారు. మిల్లునుంచి వచ్చేశాక బతుకుతెరువు అదే. ఆ సందులో పారిశుద్ధ్య పనివాళ్ళ పిల్లలూ, ఆటోవాళ్ళ పిల్లలూ ఆ గదిలోనే మొదట కీబోర్డు ముట్టుకున్నారు. ఆ సందులోనూ ఇళ్ళలో మాట తెలుగే. దారి అడిగితే ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ ఒకావిడ, "సార్ ఇల్లా? నేను కోబోల్ ప్రోగ్రామింగ్ చదివింది ఆడనే" అంది, మామూలుగా, రేషన్ తెచ్చింది అక్కడే అన్నట్టు. ఆమె ఇప్పుడు ఒక ఆసుపత్రిలో బిల్లుల విభాగం చూస్తోందట.

గుమ్మంలో నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, మీద కార్డు. నా వెనక రాజమ్మగారు, ఆవిడ వెనక గోవిందరాజు. ఆరోక్యసామి ఇస్త్రీ చొక్కా, లుంగీతో బయటికొచ్చారు. సన్నగా, నిటారుగా, డెబ్బై దాటిన మనిషి.

కారులో నేర్పిన మాట నేను వల్లించాను. "కోయంబత్తూరులో మీకూ రాజమ్మగారికీ మర్యాద చేస్తా ఉండారు. ఇంటిల్లిపాదీ రావాల."

"ఈయనెవరు?" అన్నారు ఆరోక్యసామి.

"ఆంధ్రా నుంచి. పెళ్ళాం ఉండాది" అన్నాడు గోవిందరాజు.

అర్హత సరిపోయినట్టుంది, పళ్ళెం అందుకున్నారు. కళ్ళజోడు లేక కార్డు భార్యకిచ్చారు. ఆవిడ పేరు స్టెల్లా. గట్టిగా చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆగింది. మొగుణ్ణి చూసింది. రాజమ్మగారిని చూసింది. మళ్ళీ కార్డు చూసింది.

"ఏముంగ" అంది మొగుడితో, "ఒక మాట ముందే చెప్పకూడదా? నేను నా పాత్రసామాను సర్దుకొందును కదా."

ప్రెస్సువాడి దగ్గరున్న అచ్చు నమూనా ఒకటే, పెళ్ళిది. ఇద్దరి పేర్లు పెద్దగా, రెండు మతాల గుర్తులు, వచ్చి దీవించండి, సాపాటు ఉంది అని చెబితే ఆయన మాత్రం ఇంకేమనుకుంటాడు? ఒక పక్క వినాయకుడు, ఒక పక్క శిలువ, మధ్యలో బంగారు సిరాతో వధువు రాజమ్మ, వరుడు ఆరోక్యసామి. పెద్దలందరూ విచ్చేసి నూతన దంపతులను ఆశీర్వదించాలి. నేను ఆ కార్డుని కోయంబత్తూరునుంచి ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చాను.

రాజమ్మగారు కార్డు లాక్కుని కళ్ళజోడు పెట్టుకున్నారు. గోవిందరాజు అప్పటికే మెట్లు దిగి సైకిలు షాపులో ఉన్నాడు.

"మళ్ళా అచ్చు!" అన్నారు ఆరోక్యసామి నెత్తిన చెయ్యి పెట్టుకుని. "అక్కా, మీరు ఏది అచ్చేసినా మునిగేది నేనే!"

ఆ 'అక్కా' నలభై ఏళ్ళ తర్వాత వచ్చిందని నాకు తోచింది. స్టెల్లా నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. కిందనుంచి ఇస్త్రీ బండి దగ్గర కనబడ్డావిడ, "ఏమైందక్కా?" అని అరిచింది. "మీ సార్‌కి పెండ్లి!" అని స్టెల్లా పైనుంచి అరిచింది. పావుగంటలో సందంతా వచ్చి కార్డు చదివి పోయింది.

"కూడు తిందురు రాండి" అంది స్టెల్లా. మా కోస్తాలో అతిథిని కూటికి రమ్మంటే లేచిపోతాడు. ఇక్కడ ఆ మాటకి పాత గౌరవం చెక్కుచెదరకుండా ఉంది. పుంటికూర పప్పు, మాంసం వేపుడు, రసం. పుంటికూర అంటే మన గోంగూరే. పప్పులో వెల్లుల్లి పోపు తగిలేసరికి నాకు ఇల్లు గుర్తొచ్చింది.

రాజమ్మగారు ఆ ఇంట్లో తినడం అదే మొదలు. రెండోసారి అన్నం పెట్టించుకుంటుండగా ఆరోక్యసామి, మజ్జిగ కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగారు. "మీ ఇంట్లో నాకని వేరే పెట్టిన టంబ్లరు, ఉండాదా అక్కా ఇంకా?"

గోవిందరాజు చెయ్యి గిన్నెలోనే ఆగింది. ఆ టంబ్లరు ఎందుకు వేరేగా ఉండేదో ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది. మా ఊళ్ళోనూ చూశాను అలాంటివి.

"ఉండాది" అన్నారు రాజమ్మగారు. "అమ్మ పోయిన మరుసటి దినం నుంచి నేను దాంట్లోనే కాఫీ తాగుతా ఉండాను. పెద్దది. రెండు కాఫీలు పడుతుంది."

ఆరోక్యసామి చాలాసేపు అన్నం కలిపారు. "సరి, వస్తాను" అన్నారు చివరికి. "కానీ పలక మీద నా పేరు ఊరికే చేరిస్తే ఒప్పను. 'వై' ఎవరు నొక్కినారో వేదిక మీద చెప్పాల. మా నాయన పోయినాడు, సరి. ఆ దినం జాబితాలో ఉండేవాళ్ళ కొడుకులు, పనికని వచ్చినోళ్ళు, ఈ సందులోనూ ఉండారు. నన్ను చూస్తే ఇప్పుడు కూడా చిన్నగా నవ్వుతారు."

"చెప్తాను" అన్నారు రాజమ్మగారు. "నువ్వే నొక్కినావని చెప్తాను."

"అయ్యో దేవుడా" అంది స్టెల్లా, రసం పోస్తూ. "ఇది నలభై ఏండ్లుగా నేను ఒక పక్కే వింటా ఉంటిని. ఇప్పుడు రెండో పక్క కూడా వినాల."

ఆ సాయంత్రం అందరం జిగర్తండా తాగడానికి వెళ్ళాం. పాలు, ఐస్‌క్రీము, బాదంపిసిను జిగురు కలిపిన పానీయం. చెంచాతో తినాలో గడ్డంతో తాగాలో తెలియదు. నేను రెండూ చేశాను. వాళ్ళిద్దరూ దారి పొడుగునా ఆనాటి యంత్రం గదిలో ఎవరి కుర్చీ ఎటు ఉండేదో, 'వై' మీటకి ఎవరి చెయ్యి దగ్గరో వాదించుకుంటూ నడిచారు. ఒకచోట ఫుట్‌పాత్ మీద ఆగి, మూసిన షట్టరు ముందు ఆ గది కొలతలు అడుగులేసి చూపించారు. షట్టరు తాలూకు కొట్టాయన వచ్చి స్థలం కొంటారా అని అడిగాడు.

మళ్ళీ వేదిక

మూడో రోజు మధ్యాహ్నానికి తిరిగి చేరాం. తిరుగుదారిలో దిండిగల్లులో కాఫీకి దిగినంతసేపూ గోవిందరాజు కారు తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.

నిత్య ఆ పాత ప్రోగ్రాముని ఇప్పటి లాప్‌టాప్‌లో నడిచేలా చేయించింది. వేదిక మీద పెద్ద తెర, నల్లటి నేల, ఆకుపచ్చ అక్షరాలు. ఒక్కొక్క రంగసామీ వచ్చి తన షిఫ్టులో కూర్చున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ పక్కపక్క కుర్చీల్లో ముందుకి వంగి చూశారు. ఆరోక్యసామి పెదవులు కదులుతున్నాయి. పేర్లు చదువుకుంటున్నారనుకుంటాను. అంతోణి దగ్గర ఆగాయి.

చివర తెర మీద ఆ ప్రశ్న వచ్చింది. పూర్తి జాబితానా? వై, ఎన్.

నిత్య మైకు పట్టుకుని, "ఆ దినం ఎవరు నొక్కినారుంగ?" అని అడిగింది.

ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు వేలుపెట్టి చూపించారు.

ఆ నవ్వులకి నిత్య చాలాసేపు మైకు దించాల్సి వచ్చింది. తగ్గాక ఒక కుర్రాడు లేచి అడిగాడు. "ఎవరు నొక్కారో యంత్రంలో నమోదయ్యే ఏర్పాటు ఎందుకు చేయలేదు?"

"ఆ గదిలో ఉండేదే ఇద్దరం. ఇద్దరికి నమోదు ఏంటికి తంబీ?" అన్నారు రాజమ్మగారు.

"ఆ ఒక్క మాటకే నా ఉద్యోగం పోయింది. మీరు మాత్రం నమోదు పెట్టుకోండి" అన్నారు ఆరోక్యసామి ఆ కుర్రాడితో. ఆ తర్వాత కుర్రకారు వైపు తిరిగి, "ఇంకొకటి. యంత్రానికి మనుషుల పట్టప్పేరు నేర్పినాను, దాంట్లో తప్పు లేదు. పని జరిగింది. కానీ గేటుకి అంటించే ముందర ఒక మనిషి చదవాల. ఆ మనిషిని పెట్టను మరిచిపోతిమి" అన్నారు. మూడు రోజుల్లో నేను విన్న ఉపన్యాసాలన్నిటిలో నాకు పూర్తిగా అర్థమైంది అదే. ముందు వరసలో అక్షరాల పెద్దాయన చప్పట్లు కొట్టి, కాఫీ వచ్చిందేమోనని వెనక్కి చూశారు.

శాలువాలు రెండు తెచ్చారు. ఇద్దరూ కప్పించుకున్నారు. స్టెల్లా వేదిక కింద నిలబడి పెళ్ళికార్డుతో విసురుకుంటోంది.

ఇక పలక. పాత పలకని నిత్య ఆ రోజే పక్కన పెట్టేసింది. కొత్తదాని మీద రెండు పేర్లు ఉండాలని అందరూ ఒప్పుకున్నారు, వాళ్ళిద్దరూ కూడా. తగువు ఆ పేర్ల కింద చెక్కాల్సిన మూడో వరస మీద. పట్టప్పేర్ల జాబితా గేటుకెక్కించింది ఫలానా వారు అని ఆ వరసలో ఉండి తీరాలని ఆరోక్యసామి షరతు. ఉండనీ, కానీ పేరు ఆరోక్యానిదే ఉండాలని రాజమ్మగారి షరతు. ఖాళీగా వదిలేద్దామని ఒప్పించడానికి నిత్య రెండుసార్లు మదురై వెళ్ళి వచ్చింది, పళ్ళెంతోనే. ఇద్దరూ ఒప్పుకోలేదు.

నేను తిరిగొచ్చి మూడు నెలలైంది. నిన్న నిత్యతో మాట్లాడాను. రెండు పేర్లూ ప్రస్తుతం ఒక తెల్లకాగితం మీద రాసి ఆ గది గోడకి అంటించి ఉన్నాయట. కొత్త ఇత్తడి పలక చెక్కేవాడి దగ్గరే ఉంది. మూడో వరసలో ఏం చెక్కాలో అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.